అలకలో అడిగిన వైసు

మాది కోసిగి పక్కన ఒక పల్లె. అక్కడ చేప అంటే సంతలో గోనెపట్టా మీద కుప్పపోసి అమ్మే ఎండుచేప. తాగే నీళ్ళకే కొట్టుకునే ఊళ్ళో పుట్టినవాడికి గాలం పిచ్చి పట్టడం అన్యాయమే. కానీ పట్టింది. పిచ్చి ఊరూ పేరూ అడిగి పట్టదు కదా.

పట్టించినవాడు మా పైఅధికారి. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఇళ్ళు చాలక కచ్చేరీలు గుడారాల్లో నడిచిన రోజుల్లో, నేను కాలువల శాఖలో ఓవర్సీయరుగా చేరాను. ఆయనకు ఆదివారం వస్తే ఆనకట్ట దగ్గరికి పోయి చేపలు పట్టే అలవాటు. తోడు కోసం నన్ను లాక్కుపోయేవాడు. ఆయన గాలానికి వానపాము గుచ్చేవాడు కాదు. చిన్న కొక్కేనికి కోడి మెడ ఈకలు పెట్టి, పట్టుదారం చుట్టి, అచ్చం పురుగులాగా తయారు చేసేవాడు. ఆ ఈకల పురుగును నీళ్ళ మీదికి విసిరితే చేప నిజం పురుగనుకుని ఎగిరి అందుకునేది. మోసమే. అయినా అంత ముచ్చటైన మోసం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ పురుగును కట్టాలంటే కొక్కెం కదలకుండా ఉండాలి. దానికి ఆయన దగ్గర ఒక బుల్లి వైసు ఉండేది. చూపుడువేలంత ఇనుప ముక్క. బల్ల అంచుకు బిగించి, దాని మూతిలో కొక్కెం పెట్టి మర తిప్పితే, ఇక రెండు చేతులూ మనవే. ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఒక ఏడాదికి ఆయనకు బదిలీ అయింది. పోతూ పోతూ నాకు కాసిని ఈకలు, కొక్కేలు ఇచ్చాడు. వైసు మాత్రం పెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు.

తర్వాత మొదలైంది నా అవస్థ. కొక్కేన్ని ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కుడిచేత్తో దారం చుట్టాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కాస్త పట్టు సడలితే కొక్కెం గిర్రున తిరిగి, చుట్టిందంతా ఊడిపోయి, మొన బొటనవేల్లో దిగుతుంది. కొక్కేన్ని పట్టకారులో ఇరికించి, పట్టకారు పిడులను దారంతో బిగించి చూశాను. తలుపు చెక్కకు గాటు పెట్టి అందులో ఇరికించి చూశాను, ఇంటి యజమానితో తిట్లు తిన్నాను. పనికి ఉండాల్సిన చెయ్యి పట్టుకోవడానికే పోతే ఎంత ఏడుపో అనుభవించినవాడికే తెలుసు. నాకు బాగా తెలుసు. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి, నేను సిగ్గుపడాల్సింది అక్కడే.

ఆ మాఘమాసంలో నాకు పెళ్ళయింది. పిల్లది రాజంపేట దగ్గరి పల్లె. మామది పెద్ద సేద్యం, అంతకంటే పెద్ద మాట. పెళ్ళయ్యాక కొత్తల్లుడు అలగాలి కదా. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకోవాలి, మామ వచ్చి బతిమాలాలి, అల్లుడు ఏదో ఒకటి అడగాలి, మామ సరే అనాలి. మా మేనమామ చేతిగడియారం అడగమని నాకు వారం ముందు నుంచీ నూరిపోశాడు. నాకేమో పెద్ద ఆదర్శం పుట్టింది. చదువుకున్నవాణ్ణి, ఉద్యోగస్థుణ్ణి, అందరిలాగా మామను పిండడమేమిటి, ఎవరికీ భారం కాని చిన్న పనిముట్టు అడుగుదాం అనుకున్నాను. నా మంచితనం చూసుకుని నాకే ముద్దొచ్చింది.

గది నిండా ఆడవాళ్ళు. నవ్వులు, పాటలు. మామ గుమ్మంలో నిలబడి, మొహమాటపడకుండా అడగమన్నాడు.

వైసు కావాలన్నాను. గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట అక్కడ ఎవరూ విన్నది కాదు. నేను గోడకేసి చూస్తూనే వివరించాను. ఇనుముది, బిగిస్తే వస్తువును కదలకుండా పట్టుకుంటుంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చేపలకు అని నోరు తెరిచి చెప్పడానికి నామోషీ. మా ఇళ్ళలో చేప తింటే తింటారు గానీ గాలం పట్టుకుని నీళ్ళ ఒడ్డున కూర్చునేవాణ్ణి పనీపాటా లేనివాడంటారు. ఓవర్సీయరు కదా, ఏదో సర్కారు పనికి అనుకుంటారులే అని ఊరుకున్నాను. చివర్లో మర్యాదగా ఒక మాట చేర్చాను.

"చిన్నదైనా చాలు మామా."

ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. విస్తరి ముందు కూర్చున్న చుట్టం "చాలు చాలు" అంటే మా వైపు ఎవరూ గరిటె వెనక్కి తీయరు. ఇంకో రెండు గరిటెలు వడ్డిస్తారు. చాలు అన్నాడు కదా అని నిజంగా ఆపేసిన ఇల్లు పది ఊళ్ళలో పలుచనైపోతుంది. ఆ మర్యాదలోనే పుట్టి పెరిగిన నేను, ఆ మాట అదే మర్యాద ఎరిగిన మామతో అన్నాను. ఇంకెవరిని తప్పు పట్టను?

వైశాఖంలో పిల్లను కాపురానికి తీసుకొచ్చారు. అలకలో మాట ఇచ్చిన వస్తువు సారెతో పాటే రావాలి. కర్నూలులో మేముండే వీధిలో జట్కాలు ఆగాయి. ఇత్తడి బిందెలు దిగాయి, అరిసెల గంపలు దిగాయి, ట్రంకుపెట్టె దిగింది. ఆఖరున ఇద్దరు మనుషులు వెదురుబొంగుకు వేలాడదీసిన ఒక గోనెమూటను మోసుకుంటూ దిగారు. వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది. మామ స్వయంగా గోనె విప్పాడు. కమ్మరి కొలిమి దగ్గర నేలలో పాతిన మొద్దుకు బిగిస్తారే, నిలువుకాలు ఉండే వైసు, అది. దాని దవడల మధ్య నా అరచెయ్యి పడుతుంది. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టారు. పిడికి మామిడాకులు కట్టారు.

మామ నా మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు. రైల్లో రాత్రంతా దాని పక్కనే కూర్చుని వచ్చాడట. ఎద్దును కట్టి లాగినా జారదని చెప్పి, మర తిప్పి చూపించాడు. బాగుంది మామా అన్నాను. ఆయన మొహం విప్పారింది. పక్కింటివాళ్ళు అల్లుడు ఇనుప కార్ఖానా పెడుతున్నాడా అని అడిగితే, గవర్నమెంటు పని, మనకు తెలీదు అని గర్వంగా చెప్పాడు. నాకు భూమి చీలితే అందులోకి దిగాలనిపించింది.

దాన్ని బిగించే బల్ల మా ఇంట్లోనే కాదు, మా ఆఫీసులో కూడా లేదు. వసారా మూల గోడకు ఆనించి పెట్టాం. పట్టుదల కొద్దీ ఒకరోజు దాని దవడల్లో నా కొక్కెం పెట్టి మర తిప్పాను. కొక్కెం పుటుక్కున విరిగింది. ఇంతలో నాకు ఇంకో బుద్ధి పుట్టింది. ఆ వైసు కొత్తది కాదు. దవడలు నునుపు తేలి ఉన్నాయి, మర సందుల్లో ఏళ్ళనాటి నూనె మడ్డి. అల్లుడికి పాత సామాను అంటగట్టారన్నమాట అని లోపల గునిశాను. లోపలే ఉంచుకుంటే బాగుండేది. ఒకరోజు భార్యతో, కొత్తది దొరకలేదా మీవాళ్ళకు అని అనేశాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టాయి. పుట్టింటి మీద మాట పడితే ఊరుకునే మనిషి కాదు. ఊరుకుందంటే నా మాట నిజం కాబట్టే అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, అన్నీ అర్థమవుతాయి.

జ్యేష్ఠంలో ఏరువాక పున్నానికి మామ పిలిపించాడు. ఆషాఢం వస్తే అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు కాబట్టి ముందే వచ్చిపొమ్మన్నాడు. పండగ ముందురోజు పొద్దున ఏమీ తోచక ఊళ్ళోకి నడిచాను. ఊరి చివర కొలిమి దగ్గర రైతులు గుమిగూడి ఉన్నారు. తొలకరికి ముందు గొర్రులు, నాగళ్ళు, బండ్లు అన్నీ ఆ కమ్మరి చేతి మీదుగా పోవాల్సిందే.

ముసలి కమ్మరి బండి ఇరుసు చీలను ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఎదురుగా ఆయన భార్య కూర్చుని ఆ చీలను పట్టకారుతో పట్టుకుంది. రెండు చేతులతోనూ పట్టుకుని, రెండు పాదాలూ రాయికి తన్నిపెట్టుకుంది. ఆకురాయి వెళ్ళిన ప్రతిసారీ ఆమె భుజాలు అదిరిపోతున్నాయి. నడుమ ఒకసారి చీల జారి దొర్లిపోయింది. ఆమె వేళ్ళు విదిలించుకుని మళ్ళీ పట్టుకుంది. రైతులు తమ వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

పక్కనే నేలలో పాతిన తుమ్మమొద్దు ఒకటి ఉంది. దాని నెత్తిన మరలు ఊడదీసిన బెజ్జాలు. ముందువైపు నిలువుకాలు ఆనిన చోట ఒక పొడుగాటి నున్నటి గాడి. ఆ గాడిలో ఏ కాలు పడుతుందో నాకు చూడగానే తెలిసింది. ఆ కాలు మా వసారాలో ఉంది.

అయినా అడిగాను, వైసు ఏమైందని. ముసలాయన తలెత్తలేదు. పక్కన కూర్చున్న ఒక రైతు నవ్వుతూ, నీకే కదప్పా ఇచ్చిండేది అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అప్పుడు ముసలాయన ఆకురాయి పక్కన పెట్టి, పాప పెండ్లికి చదివించినాను అని మాత్రం చెప్పాడు. అక్కడ ఇంకేం మాట్లాడానో గుర్తు లేదు. ఇంటికి వచ్చేదాకా తల నేలకేసే ఉంది.

భార్యను పెరట్లోకి పిలిచి అడిగాను. అప్పుడు చెప్పింది. నేను వైసు అడిగాక వాళ్ళ నాయన కడప బజారంతా తిరిగాడు. మనసుకు నచ్చింది దొరకలేదు. కాపురం ముహూర్తం దగ్గర పడింది. దిగులుగా కొలిమి దగ్గరికి పోయి కూర్చుంటే, సంగతి విని ముసలాయనే లేచి మరలు ఊడదీశాడు. ఆమెను పసిబిడ్డప్పటి నుంచీ ఎరిగినవాడు, ఇది నా చదివింపు అన్నాడు. మద్రాసు నుంచి ఇంకోటి తెప్పిస్తానని నాయన మాట ఇచ్చాడు. అది ఇంకా రాలేదు. తొలకరి ముంచుకొచ్చింది. నాకు ముందే ఎందుకు చెప్పలేదని కసురుకున్నాను.

"మా నాయన కొలిమికాడ తలొంచుకోని తెచ్చినాడని నా నోటితో చెప్పమంటావా?" అంది.

పాత సామాను అని నేను ఎత్తిపొడిచిన రోజు చేటలో ఆగిన ఆ చేతులు గుర్తొచ్చాయి. తల తీసేసినట్టయింది.

వైసును వెనక్కి ఇచ్చెయ్యాలి, అదీ వాన పడేలోగా. కానీ ఎలా? అలకలో ఇచ్చినదాన్ని అల్లుడు తిప్పి పంపడమంటే పిల్లను పుట్టింటికి పంపినంత మాట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

సాయంకాలం అరుగు మీద మామ కూర్చున్నాడు. పండగకు గింజలు కొలిపించుకోవడానికి వచ్చిన పనివాళ్ళలో కమ్మరి కూడా ఉన్నాడు. నాలుగిళ్ళ రైతులున్నారు. తెలివిగా మొదలుపెట్టాను. కర్నూలులో ఇల్లు ఇరుకు, వైసు ఇక్కడే కొలిమి దగ్గర ఉంచితే నాకు పనిబడ్డప్పుడు వచ్చి వాడుకుంటాను అన్నాను. మామ మొహం నల్లబడింది.

"నచ్చలేదని చెప్పప్పా, దాంట్లో ఏముండాది. దానికంటే పెద్దది మద్రాసులో చెప్పి పెట్టినా."

ఇంకా పెద్దది! ఇక దాచి లాభం లేదు. లోపలికి పోయి నా సంచిలోంచి ఒక ఈకల పురుగును తెచ్చి అరచేతిలో పెట్టి చూపించాను. దీన్ని కట్టుకోవడానికి అడిగాను మామా అని చెప్పాను. కోడి ఈక, పట్టుదారం, కొక్కెం. చేపలకు వేసేది. మీరిచ్చింది తక్కువై కాదు, నా పనే ఇంత చిన్నది, చెప్పడానికి సిగ్గుపడి దాచాను అన్నాను. అందరూ ఒంగి నా అరచేతిలోకి చూశారు. మొన్నమొన్నటి కరువులో గంజికేంద్రం ముందు నిలబడి వచ్చిన మనుషులు. వాళ్ళలో ఒకాయన, కూటికి గతిలేకనా అప్పా, తినేదానికా అని అడిగాడు. నిజంగానే జాలిపడి అడిగాడు.

"కాదు. ఆటకు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా పకపకా నవ్వితే నేనూ కలిసి నవ్వేవాణ్ణి. కమ్మరి ఆ పురుగును రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఈక చెదరకుండా జాగ్రత్తగా మళ్ళీ నా చేతిలో పెట్టాడు. మామ ఎంత వైసు కావల్సి ఉండిందని అడిగాడు. చూపుడువేలు చూపించాను. ఆయన నా వేలికేసి చూసి, లేచి లోపలికి పోయాడు. ఆయన అలా లేచిపోవడం నన్ను తిట్టినదానికంటే ఎక్కువైంది.

గట్టెక్కించింది నా భార్యే. కమ్మరి, చదివించినది మళ్ళీ తీసుకోనని మొండికేశాడు. ఆమె గుమ్మంలో నిలబడే చెప్పింది.

"మళ్ళీ ఇచ్చేది కాదు తాతా. కొత్త కాపురం పెట్టినాము. మా ఇంటినించి తొలి ఏరువాక కానుక నీకే. వద్దంటే మాకు మంచిది కాదు."

ఊరి ఆడబిడ్డ కాపురానికి మంచిది కాదంటే ఏ పెద్దవాడు కాదనగలడు? ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేను మర్నాడే రైలెక్కి కర్నూలు పోయి, ఇద్దరు కూలీలతో మోయించి, ఆ వైసుతో మళ్ళీ రైలెక్కాను. దారిలో ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ అందరూ ఇదెందుకని అడిగినవాళ్ళే. ఏరువాక కానుక అని చెప్పాను. అబద్ధం కాదు గనుక గట్టిగానే చెప్పాను.

రాజంపేట స్టేషనుకు మామ బండి కట్టించుకుని వచ్చాడు. కమ్మరీ బండివాడూ వైసును బండిలోకి ఎత్తుతున్నారు. అల్లుడు పంపిన కానుకను ఊరి నడిబజారులో నడిపించాలని ఎద్దుల కొమ్ములకు రంగులు కూడా పూయించాడు. ఆయన నాతో మామూలుగా మాట్లాడుతున్నందుకు నేను లోపల దండం పెట్టుకుంటున్నాను. అంతలో చెయ్యి పట్టుకుని నన్ను నీళ్ళతొట్టి వెనక్కి తీసుకుపోయాడు. అటూ ఇటూ చూసి, రొంటిన దోపుకున్న చిన్న కాగితం పొట్లం తీశాడు. కంసాలులు వాడే బుల్లి వైసు. సరిగ్గా నా చూపుడువేలంత. నాకు కావలసింది అదే, వెంట్రుకవాసి తేడా లేదు.

నిన్న కడపకు పోయి తెచ్చానన్నాడు. మొదట వైసు కోసం తిరిగినప్పుడే ఒక అంగట్లో దాన్ని చేతిలో పట్టుకుని చూశాడట. అల్లుడు అడిగింది ఇదేనేమో అని అనిపించిందట కూడా. కానీ ఇంత ముక్క అల్లునికి ఇచ్చినాడని నలుగురూ అనుకుంటే తల యాడ పెట్టుకోవాలని, అక్కడే పెట్టేసి వచ్చాడట. ఇదంతా ఆయన నేల చూస్తూ చెప్పాడు. పది ఊళ్ళ పంచాయితీలు తీర్చే మనిషి, దొంగసొత్తు ఇచ్చినట్టు దాన్ని నా గుప్పిట్లో పెట్టి, నా వేళ్ళు తానే మూశాడు.

"ఎవురన్నా అడిగితే మా మామ ఇచ్చింది ఇద్దరు మోసినారని చెప్పప్పా. ఇది మాత్రం నువ్వే కొనుక్కున్నానని చెప్పు."

సరే మామా అన్నాను. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ అట్లాగే చెప్పాను.